థాయ్‌లాండ్ రాజు భూమిబోల్ సాక్సఫోన్ నిజంగానే బాగా వాయించేవారా, లేక రాజు కాబట్టి మెచ్చుకున్నారా?

ఆల్టో_నేర్చుకుంటున్నా:

అందరికీ నమస్తే. నేను బ్యాంకాక్ వచ్చి నాలుగేళ్లయింది, ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పని. మా సెక్షన్‌లో అరవై దగ్గర పడ్డ థాయ్ పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఇక్కడ పెద్దవాళ్లని 'పీ' అని పిలుస్తారు, మనం అన్నా అన్నట్టు, నేనూ పీ అనే పిలుస్తా. ఏటా అక్టోబర్ 13న, అంటే రాజు భూమిబోల్ పోయిన రోజున, లంచ్ టైంలో ఆయన ఫోన్‌లో ఒకే పాట పెట్టుకుని అన్నం కూడా కలపకుండా కూర్చుంటారు. మొదటి ఏడు నేను ఏదో పాత హాలీవుడ్ సినిమా పాట అనుకున్నా, మెల్లగా ఊగుతూ ఉంటుంది, మధ్యలో స్వరం ఎక్కడికో జారి మళ్లీ వచ్చేస్తుంది. రెండో ఏడు అడిగితే చెప్పారు, అది వాన పాట, మా రాజు కట్టింది అని. 'ఫాలింగ్ రెయిన్' అట, 1946లో కట్టారట, అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు.

అప్పటిదాకా నాకు తెలిసిన భూమిబోల్ అంటే నోట్ల మీద బొమ్మ, రోడ్ల మీద పెద్ద పెద్ద ఫొటోలు అంతే. ఆ ఫొటోల్లో కొన్నిట్లో చేతిలో సాక్సఫోన్ ఉంటుంది, ఏదో సరదాకి పట్టుకున్నారేమో అనుకునేవాణ్ని. తర్వాత చదివితే ఆయన బతికినంతకాలం జాజ్ వదల్లేదని తెలిసింది. పోయిన ఏడాది నేను కూడా నలభై రెండేళ్ల వయసులో ఆల్టో సాక్సఫోన్ క్లాసులో చేరా, శనివారాలు. అందుకే నాకు ఇది ఊరికే ఆసక్తి కాదు, నిజంగా తెలుసుకోవాలనుంది. ఆయన వాయిద్యం నిజంగా మంచిదేనా? వినాలంటే ఎక్కడ మొదలెట్టాలి? నేను ఇక్కడే ఉంటున్నాను కాబట్టి దయచేసి సంగీతం వరకే మాట్లాడుకుందాం, రాజకీయం వద్దు.

పాతరికార్డులు_వైజాగ్:

మంచి ప్రశ్న అడిగారండీ. నాకు అరవై ఏడేళ్లు, పోర్టులో చేసి రిటైరయ్యా. కాలేజీ రోజుల్లో షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల జాజ్ ప్రోగ్రాం వినేవాణ్ని, విల్లిస్ కోనోవర్ అని ఒకాయన చేసేవాడు, 1955లో మొదలుపెట్టి 1996లో చనిపోయేదాకా ఆయనే, ఒక్కో మాట విడివిడిగా మనలాంటి వాళ్లకి అర్థమయ్యేట్టు పలికేవాడు. గరగరల మధ్య ఆ గొంతు పట్టుకోవడానికి ట్రాన్సిస్టర్ తీసుకుని డాబా ఎక్కేవాణ్ని. అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి, ఇప్పటికీ వదల్లేదు. భూమిబోల్ గారి సంగతి కూడా జాజ్ చదువుతూ చదువుతూనే తెలిసింది.

ఆయన పుట్టిందే అమెరికాలో, 1927 డిసెంబర్ 5న, మసాచుసెట్స్ కేంబ్రిడ్జిలో, తండ్రి హార్వర్డ్‌లో మెడిసిన్ చదువుతుండగా. తండ్రి 1929లోనే పోయారు, తల్లి పిల్లల్ని తీసుకుని 1933లో స్విట్జర్లాండ్ లోజాన్ వెళ్లిపోయింది. సంగీతం అంతా అక్కడే. మొదటి సాక్సఫోన్ సెకండ్ హ్యాండ్‌ది, 300 ఫ్రాంకులు. రాజకుటుంబం పిల్లాడికి సెకండ్ హ్యాండ్ వాయిద్యం కొనడం చూడండి, ఆ తల్లి పెంపకం అలాంటిది. వేబ్రెక్ట్ అని ఒక మాస్టారు, వాద్యాల షాపులో పనిచేసేవాడు, ఆయన జాజ్ జోలికి పోనివ్వకుండా ముందు స్కేల్స్, క్లాసికల్ పాఠాలే చెప్పాడు. మనవాళ్లు సరళీ వరసలు, జంట వరసలు పూర్తయ్యేదాకా కీర్తన ముట్టుకోనివ్వరు చూడండి, అదే పద్ధతి.

ఇక జాజ్ ఎలా నేర్చుకున్నారంటే గ్రామఫోన్ పక్కన కూర్చుని. సిడ్నీ బెషే రికార్డు పెట్టి ఆయనతో పాటు వాయించడం, తర్వాత డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో ఆల్టో వాయించే జానీ హాడ్జెస్ రికార్డు పెట్టి ఆయనతో పాటు వాయించడం. ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి, మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ముందు బెషే వినండి, ఒక వారం అదే వినండి, స్వరాన్ని వణికించి వణికించి వాయిస్తాడు, సోప్రానో సాక్సఫోన్ అంటే ఆయనే. తర్వాత హాడ్జెస్, ఈయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుడు వేస్తాడు, మన గమకం విన్న చెవికి అది వెంటనే అందుతుంది. ఆ తర్వాత రాజుగారి పాటలు వినండి, ఎక్కడి నుంచి ఏది వచ్చిందో మీకే తెలుస్తుంది.

ఒక్క మాట, 'ఫాలింగ్ రెయిన్' జాజ్ కాదండీ, అది వాల్ట్జ్, మూడు మాత్రల నడక. జాజ్ కావాలంటే 'క్యాండిల్‌లైట్ బ్లూస్' వినండి, ఆయన మొట్టమొదట కట్టింది అదే, 1946 ఏప్రిల్‌లో. ఆ జూన్ 9న రాజుగా ఉన్న అన్నగారు చనిపోయి ఈయన రాజయ్యారు. అంటే ఆ పాట కట్టినప్పుడు ఆయన ఇంకా ఒక తమ్ముడే, చదువుకుంటున్న కుర్రాడే. అది తలుచుకుని వింటే నాకు మనసు ఎలాగో అయిపోతుంది.

నిజం_అడుగుతా:

వైజాగ్ సార్ రాసింది బావుంది కానీ అసలు ప్రశ్నకి జవాబు రాలేదు. థాయ్‌లాండ్‌లో రాజుని ఏమన్నా అంటే 112 సెక్షన్ కింద మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. అలాంటి చోట 'మా రాజు గొప్ప వాద్యకారుడు' అని కోటిమంది చెప్పినా అది సాక్ష్యం ఎలా అవుతుంది? అమెరికా జాజ్ క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్‌తో వాయించారు అని అందరూ రాస్తారు, గుడ్‌మన్ 1956లో బ్యాంకాక్ వచ్చింది అమెరికా ప్రభుత్వం పంపిన టూర్ మీదే కదా, ఒక దేశం రాజు వాయిస్తానంటే వద్దంటాడా? ఆల్టో బ్రదర్, నువ్వు రాజకీయం వద్దన్నావు, ఇది రాజకీయం కాదు, సంగీతాన్ని సంగీతంగా చూడాలంటే ఈ ప్రశ్న అడగాల్సిందే అని నా ఉద్దేశం.

పాతరికార్డులు_వైజాగ్:

అడగాల్సిన ప్రశ్నేనండీ, తప్పేం లేదు. మర్యాద కోసం ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుంటారు, ఒప్పుకుంటా. కానీ 1960 జులైలో అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో ఆయన ఎవరితో కూర్చుని వాయించారో చూడండి, గుడ్‌మన్ క్లారినెట్, జీన్ క్రూపా డ్రమ్స్, టెడ్డీ విల్సన్ పియానో, రెడ్ నార్వో వైబ్స్ (లోహపు పలకల వాద్యం), జోనా జోన్స్ ట్రంపెట్, అర్బీ గ్రీన్ ట్రాంబోన్. జామ్ అంటే అప్పటికప్పుడు కలిసి వాయించడం, ముందు కాయితం ఉండదు. మన కచేరీలో కల్పనస్వరాలు వంతులేసుకుంటారు చూడండి, గాయకుడు ఒక ఆవర్తం వేస్తే వయొలిన్ ఆయన ఇంకోటి వేస్తాడు, ఎత్తుగడకి సరిగ్గా వచ్చి పడాలి, ఒక మాత్ర అటూ ఇటూ అయితే సభ మొత్తానికి తెలిసిపోతుంది. జామ్ కూడా అంతే, మీ వంతు వచ్చినప్పుడు మీ పన్నెండు బార్లో (బార్ అంటే తాళంలో ఒక చుట్టు లాంటిది) ముప్పై రెండు బార్లో మీరే నింపాలి, కింద కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాలు, తిరిగిపోతూ ఉంటాయి, ఎవరూ మీకోసం ఆగరు. అక్కడ కిరీటం ఎందుకూ పనికిరాదు.

అయినా ఆయన్ని గుడ్‌మన్‌తో సమానం అని నేను అనను. ఎవరూ అనకూడదు కూడా. ఆయన అమెచ్యూర్, మంచి అమెచ్యూర్, వాయిద్యంలో తొందర లేదు, పాత న్యూ ఓర్లీన్స్ పద్ధతి అంటే ప్రాణం. నా లెక్కలో ఆయన అసలు బలం వాయించడం కంటే పాట కట్టడంలో ఉంది. దీనికి సాక్ష్యం పాటలోనే ఉంది, సెక్షన్లతో పనిలేదు.

థాయ్ సంప్రదాయ సంగీతం ఎక్కువగా ఐదు స్వరాల మీద నడుస్తుంది, మన మోహనం వింటున్నట్టు ఉంటుంది. ఆ చెవులున్న జనానికి ఈ కుర్రాడు పక్కపక్క అరస్వరాలతో పాట కట్టి ఇచ్చాడు. బ్లూస్ అంటే జాజ్‌కి మూలమైన అమెరికా నల్లవాళ్ల పాటలు, దాని స్కేల్ మన లెక్కలో చెప్పాలంటే షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, దాని పక్కనే ప్రతి మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. రెండు మధ్యమాలు ఒకదాని వెనక ఒకటి! పైగా కింద కార్డ్‌లో అంతర గాంధారం మోగుతుంటే పైన పాటలో సాధారణ గాంధారం పలుకుతుంది, ఆ రాపిడే బ్లూస్. మనవాళ్లకి పాడమంటేనే తడబడతారు, అలాంటిది అక్కడ జనం ఇప్పటికీ ఆయన పాటలు పాడుకుంటున్నారు. దాదాపు యాభై కట్టారు మొత్తం. వాటిల్లో 'బ్లూ నైట్' 1950లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మైక్ టాడ్ 'పీప్ షో' అనే స్టేజీ షోలో వాడారు. 1964 అక్టోబర్‌లో వియన్నాలో ఆయన రచనలు ఆర్కెస్ట్రా వాయించింది, రెండు రోజులకి అక్కడి సంగీత అకాడమీ గౌరవ సభ్యత్వం ఇచ్చింది. గౌరవ సభ్యత్వాలు రాజులకి ఊరికే కూడా ఇస్తారు కాబట్టి దాన్ని నేను పెద్ద సాక్ష్యంగా పెట్టను. ఆ గాంధారాన్నే పెడతా.

తెనాలి_క్లారినెట్:

ఈ థ్రెడ్ రాత్రి ఒంటిగంటకి చదివా, నిద్ర పోయింది. మా నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, నేను కూడా అదే పట్టుకున్నా, ఇప్పుడు బ్యాంక్‌లో ఉద్యోగం, ఆదివారాలు మాత్రం చర్చిలో వాయిస్తా. నాకు రాజుల సంగతి పెద్దగా తెలీదు కానీ రికార్డు పక్కన కూర్చుని వాయించి నేర్చుకున్నాడు అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయా. మా నాన్న కూడా అంతే నేర్చుకున్నాడు, హోటల్ ముందు నిలబడి రేడియోలో పాట విని ఇంటికి పరిగెత్తుకొచ్చి వాయించేవాడు, సగం మర్చిపోతే మళ్లీ వెళ్లి నిలబడేవాడు.

ఆల్టో అన్నా మీకు చెప్పేది ఒకటే, మీరూ రికార్డుతో కలిపి వాయించండి, మీ మాస్టారు ఇచ్చిన పుస్తకం పక్కన పెట్టమనట్లా, అది రోజూ అరగంట, ఆ తర్వాత ఇది. యూట్యూబ్‌లో స్పీడ్ 0.75 పెట్టుకోండి శృతి మారదు. ముందు వాయించొద్దు, నోటితో పాడండి, పాడలేనిది వేలికి రాదు. ఇంకోటి, మీది ఆల్టో కాబట్టి పియానో C వాయిస్తే మీరు A వేళ్లు పెట్టాలి, నా క్లారినెట్ అయితే D, ఇది తెలీక మొదట్లో అందరూ రికార్డుతో కలవట్లేదని వాయిద్యాన్ని తిడతారు. బ్యాంకాక్‌లో గాలి తడిగా ఉంటుంది కదా, రీడు, అదే మౌత్‌పీస్‌కి బిగించే సన్న రెల్లు ముక్క, వాయించాక అలాగే దానికే వదిలేయొద్దు, తీసి తుడిచి రీడ్ కేసులో పెట్టండి, లేదంటే బూజు పడుతుంది, రెండు మూడు రీడ్లు మార్చి మార్చి వాడండి. స్వింగ్ రావట్లేదంటారా, రెండు స్వరాల్ని సమానంగా కాకుండా మొదటిది రెండు వంతులు రెండోది ఒక వంతు, తిశ్రం లెక్క వేసుకోండి, నిదానంగా వాయించేటప్పుడు అది చాలు, స్పీడ్ పెరిగితే దానంతటదే సర్దుకుంటది.

నేను ఇందాక చదివింది ఒకటి చెప్పాలి. ఆయన ప్యాలెస్‌లోనే చిన్న రేడియో స్టేషన్ పెట్టుకున్నాడంట 1952లో, ఓ సో అని, బంధువులు స్నేహితులతో కలిసి శుక్రవారం బ్యాండు అని పెట్టుకుని లైవ్ వాయించేవాళ్లంట, జనం ఫోన్ చేసి ఫలానా పాట కావాలంటే వాయించేవాళ్లంట. 1962 అక్టోబర్‌లో తుఫాను వచ్చి దక్షిణాన నఖోన్ సి తమ్మరాట్ వైపు సముద్రం ఒడ్డున ఊళ్లు కొట్టుకుపోతే అదే రేడియోలో సాయం చేయమని అడిగితే జనం బట్టలూ బియ్యం డబ్బూ తెచ్చి ఇచ్చారంట. మాది దివిసీమకి దగ్గరే, 77 తుఫాను మాటలు వింటూ పెరిగినోళ్లం, అందుకే ఇది చదివి కాసేపు అలా ఉండిపోయా. పాటల రేడియో ఆ పని కూడా చేసిందంటే శుక్రవారం శుక్రవారం దాన్ని పెట్టుకుని వినే జనం ఉండబట్టే కదా.

నిజం_అడుగుతా:

సాధారణ గాంధారం సాక్ష్యం ఒప్పుకుంటున్నా సార్. 'క్యాండిల్‌లైట్ బ్లూస్' ఇప్పుడే నాలుగుసార్లు విన్నా. పేరు చెప్పకుండా వినిపించి ఉంటే నేను థాయ్‌లాండ్ అనేవాణ్ని కాదు, రాజు అని అసలే అనేవాణ్ని కాదు. వాయిద్యం సంగతి ఇంకా వినాలి, పాట కట్టడం మాత్రం నిజం.

గొడుగు_మర్చిపోయా:

నేను 2014 నుంచి 2018 దాకా బ్యాంకాక్‌లో ఉన్నానండీ, మావారి ఉద్యోగం వల్ల. 2016 అక్టోబర్ 13 నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. అప్పటికే ఆయన సిరిరాజ్ హాస్పిటల్‌లో ఉన్నారు, బయట జనం గులాబీ రంగు చొక్కాలు వేసుకుని కూర్చుని ప్రార్థనలు చేస్తున్నారు, ఆ రంగు ఆయన ఆరోగ్యానికి మంచిదని వాళ్ల నమ్మకం. సాయంత్రం ఆయన పోయారని టీవీలో చెప్పారు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర సెక్యూరిటీ ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదుల్తున్నాయి. నేను కూరగాయల సంచీ పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక అక్కడే నిలబడిపోయా.

మర్నాటి నుంచి ఊరంతా నలుపు తెలుపు. టీవీ కూడా రంగు తీసేశారు. నల్లబట్టలు దొరక్క రోడ్ల పక్కన పెద్ద పెద్ద గంగాళాల్లో రంగు కలిపి ఉన్న బట్టలకే నల్లరంగు వేసి ఇచ్చేవాళ్లు. నేనూ రెండు చుడీదార్లు వేయించుకున్నా. బార్లలో పాటలు ఆపేశారు. తర్వాత కొన్నాళ్లకి మళ్లీ మొదలైనప్పుడు చాలాచోట్ల మొదట వాయించింది ఆయన పాటలే. మేం ఉండే వీధి చివర చిన్న కాఫీ షాపులో ఒక కుర్రాడు సాక్సఫోన్ మీద ఆ వాన పాట వాయిస్తుంటే వినేవాళ్లెవరూ చప్పట్లు కొట్టలేదు, అలాగే కూర్చున్నారు, వాయించినవాడు కూడా తలెత్తలేదు. బయట నిజంగానే వాన పడుతోంది, అక్టోబర్ నవంబర్ కదా.

ఇంకో సంగతి ఆల్టో గారికి ముఖ్యంగా. నలభై రెండుకి మొదలెట్టానన్నారు. రాజుగారు ముసలితనంలో ఒక బ్యాండు తయారు చేశారు, సహాయ్ పట్టనా అని, అందులో వాళ్లు వాద్యకారులు కారు, ఆయనతో ఊళ్లు తిరిగే డాక్టర్లు, ఇంజినీర్లు, ఆఫీసర్లు, చాలామంది అప్పటిదాకా ట్రంపెట్ ముట్టుకోనివాళ్లు. వాళ్లకి ఆయనే ఓపిగ్గా నేర్పించి పక్కన కూర్చోబెట్టుకుని వాయించారు. గుడ్‌మన్‌తో వాయించిన మనిషి, నిన్న మొదలెట్టినవాళ్లతో కూడా కూర్చున్నారు. నాకైతే న్యూయార్క్ సంగతి కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

పాతరికార్డులు_వైజాగ్:

గొడుగు గారూ, ఇంత బాగా రాశారు, థాంక్సమ్మా. మీరు చెప్పాక ఇంకోటి గుర్తొచ్చింది. 1948 అక్టోబర్ 4న లోజాన్ దగ్గర కారు యాక్సిడెంట్‌లో ఆయన కుడికన్ను చూపు పోయింది. ఇరవై ఏళ్ల వయసు. ఆ తర్వాతే 'బ్లూ డే' లాంటి పాటలు వచ్చాయి. ఆయన సరదాకి పెట్టిన పేరు కూడా ఒకటుంది, 'హెచ్.ఎమ్. బ్లూస్', జనం హిజ్ మెజెస్టీ అనుకుంటారు, ఆయన లెక్కలో హంగ్రీ మెన్, ఆకలిగా ఉన్నవాళ్ల బ్లూస్. ఇది తప్పకుండా వినండి, పన్నెండు బార్ల బ్లూస్ ఎలా నడుస్తుందో వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ వినడానికి బావుంటుంది.

మన దగ్గర కూడా పోలిక ఉందండీ, మైసూరు జయచామరాజ ఒడయార్. కర్ణాటక కీర్తనలు కట్టారు, ఇంకో పక్క మెట్నర్ అనే రష్యన్ స్వరకర్త లండన్‌లో పట్టించుకునేవాళ్లు లేక ఉంటే ఆయన రచనలు రికార్డు చేయించడానికి డబ్బిచ్చి సొసైటీ పెట్టించారు. ఒడయార్ గారి గురించి వేరే థ్రెడ్ పెడతా, ఇక్కడ రాస్తే ఆగను.

ఆల్టో_నేర్చుకుంటున్నా:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. వైజాగ్ సార్, వారం రోజులు బెషే మాత్రమే వింటున్నా, బస్సులో వెళ్లేటప్పుడు వచ్చేటప్పుడు. తెనాలి తమ్ముడూ, C కి A అన్న ముక్క మా మాస్టారు థాయ్‌లో మూడుసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు, నువ్వు రాసింది చదివి వెంటనే రికార్డుతో కలిసిపోయింది, నిజంగా కలిసిపోయింది, గదిలో ఒక్కణ్నే లేచి నిలబడిపోయా.

నిన్న లంచ్‌లో పీ పక్కన కూర్చుని నా ఫోన్‌లో 'క్యాండిల్‌లైట్ బ్లూస్' పెట్టా. ఆయన చెంచా పక్కన పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు, వాళ్ల నాన్న శుక్రవారాలు పని నుంచి తొందరగా వచ్చి ఆ రేడియో పెట్టేవాడట, ఫోన్ చేసి పాట అడగాలని ఎప్పుడూ అనుకునేవాడట, ఇంట్లో ఫోన్ లేదు, అడగలేకపోయాడు. ఏ పాట అని అడిగా. వాన పాటే అన్నారు.

ఈ అక్టోబర్ 13కి ఆ పాట లంచ్‌లో నేను వాయిస్తానని ఆయనకి మాటిచ్చేశా. మొదటి ఎనిమిది బార్లు వచ్చాయి, మధ్యలో జారే చోట ఇంకా తప్పుతోంది. ఎవరి దగ్గరైనా 'ఫాలింగ్ రెయిన్' ఆల్టోకి మార్చిన నొటేషన్ ఉంటే ఇక్కడ పెట్టండి ప్లీజ్. లేకపోతే పియానోది ఉన్నా చాలు, నేనే మార్చుకుంటా.